సెయింట్ మార్టిన్‌లో ఇర్మా: షట్టర్లు బిగించడం నుంచి కప్పు మళ్ళీ వేయడం దాకా

కరీబియన్ సముద్రంలోని సెయింట్ మార్టిన్ దీవిలో సెప్టెంబరు మొదటి వారమంటే ఉండే భయం ఊరికే పుట్టింది కాదు. 1995 సెప్టెంబరు 5న లూయిస్ అనే తుఫాను వచ్చింది. 2017 సెప్టెంబరు 6న ఇర్మా వచ్చింది. మధ్యలో 22 ఏళ్ళ ఎడం. లూయిస్‌ని కళ్ళారా చూసినవాళ్ళు ఎలా సిద్ధపడ్డారో, చూడనివాళ్ళు ఎలా సిద్ధపడ్డారో ఇర్మా వెళ్ళిపోయిన పొద్దున పక్కపక్క ఇళ్ళలోనే తెలిసిపోయింది. సింప్సన్ బేలో అద్దె ఇళ్ళ మరమ్మతులు చూసుకునే మేము ఆ తుఫానుకి ముందూ, ఆ రోజూ, ఆ తర్వాత నెలల తరబడీ చేసిన పనుల్ని ఇక్కడ రాస్తున్నాం. ఏది నిలిచిందో, ఏది ఎగిరిపోయిందో, ఎందుకో కూడా.

దీవి మొత్తం కలిపి 87 చదరపు కిలోమీటర్లు. ఉత్తరం వైపు ఫ్రాన్స్‌ది, దక్షిణం వైపు నెదర్లాండ్స్ రాజ్యానిది. డచ్ వైపు ముఖ్య పట్టణం ఫిలిప్స్‌బర్గ్. ముందు గ్రేట్ బే సముద్రం, వెనక గ్రేట్ సాల్ట్ పాండ్ అనే ఉప్పు చెరువు, రెంటి మధ్య సన్నటి ఇసుక పట్టీ మీద ఊరు. ఫ్రంట్ స్ట్రీట్‌లో నగల దుకాణాలు, వాటి వెనకే ఇసుక తీరం, ఎదురుగా ఓడలు. పడమటికి వస్తే సింప్సన్ బే, దాని పక్కన పెద్ద లాగూన్ అనే ఉప్పునీటి మడుగు, ఆ తర్వాత విమానాలు తలల మీదుగా దిగే మాహో బీచ్. ఒకసారి చూసినవాళ్ళు మళ్ళీ మళ్ళీ వచ్చే ఊరు ఇది. ఆ ఊరి అందమంతా సముద్రానికి ఆనుకుని ఉండటంలోనే ఉంది, ప్రమాదం కూడా అక్కడే ఉంది.

ఇర్మా ఆగస్టు 30న కేప్ వెర్డే దీవుల దగ్గర పుట్టి, సెప్టెంబరు 5కి ఐదో కేటగిరీకి, అంటే అన్నిటికన్నా బలమైన తుఫానుల వరుసకి చేరింది. గంటకు 285 కిలోమీటర్ల గాలి, అదే వేగంతో 37 గంటలు తగ్గకుండా వీచింది. 6వ తేదీ తెల్లవారకముందే బార్బుడా దీవిని తాకి, పొద్దున ఏడుంబావుకి దాని కన్ను, అంటే గాలి ఆగి ఉండే నడిమి భాగం, సెయింట్ మార్టిన్ మీదికి వచ్చింది. అప్పుడు మన ఊళ్ళలో సాయంత్రం ఐదు కావస్తోంది. తుఫాను నడిబొడ్డున గాలి ఒత్తిడి 914 మిల్లీబార్లు. మామూలు రోజుల్లో అది 1013 చుట్టుపక్కల ఉంటుంది.

అంకెలు చదివితే అర్థం కానిది ఒకటుంది. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. గంటకు 120 కిలోమీటర్ల గాలి ఒక చదరపు మీటరు గోడని 70 కిలోల దాకా తోస్తుంది. 285 కిలోమీటర్ల గాలి దాదాపు 390 కిలోలు తోస్తుంది. మామూలు పడకగది కిటికీ వెడల్పు మీటరుంబావు, ఎత్తు మీటరున్నర అనుకోండి. దాని మీద 700 కిలోలకి పైగా బరువు, అదీ ఊపుతూ, వదులుతూ, గంటల తరబడి. అద్దం సంగతి అటుంచి, ఫ్రేము గోడలోంచి ఊడి వస్తుంది.

మన కోస్తాలో పెరిగినవాళ్ళకి తుఫాను అనగానే ఉప్పెన గుర్తొస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమలో పది వేల మందికి పైగా పోయింది నీళ్ళ వల్లే. బంగాళాఖాతం ఒడ్డున సముద్రం చాలా దూరం లోతు తక్కువ, అందుకే నీరు పోగుపడి ఊళ్ళ మీద పడుతుంది. చిన్న దీవి చుట్టూ సముద్రం త్వరగా లోతెక్కుతుంది కాబట్టి ఉప్పెన అంత ఎత్తు లేవదు. అలలు తీరాన్ని పగలగొడతాయి, కానీ ఊరంతటినీ పడగొట్టేది గాలే. 2014లో హుద్‌హుద్‌ని విశాఖలో చూసినవాళ్ళకి ఈ రకం నష్టం కొంత అర్థమవుతుంది. అందుకే ఇక్కడ సిద్ధపడటమంటే ముఖ్యంగా గాలిని ఇంట్లోకి రానివ్వకపోవడం.

ఇల్లు కూలే తీరు తెలిస్తే పని వరుస దానంతటదే తెలుస్తుంది. కప్పు మీదుగా గాలి పరుగెడుతున్నప్పుడు అది కప్పుని పైకి లాగుతుంది. చూరు దగ్గర, మూలల్లో ఆ లాగుడు అన్నిటికన్నా ఎక్కువ. దానికి తోడు గాలి వీచే వైపు ఒక కిటికీ పగిలిందంటే లోపలికి దూరిన గాలి ఇంటిని ఊదిన కాగితం సంచిని చేస్తుంది. పైనుంచి లాగుడు, లోపలినుంచి తోపు రెండూ కలిసి రేకుల్ని లేపేస్తాయి. కప్పు పోయాక గోడలకి పైన పట్టు ఉండదు, అవీ పడతాయి. మేము చూసిన ఇళ్ళలో మొత్తంగా పోయినవి చాలావరకు ఒక్క కిటికీతోనో ఒక్క తలుపుతోనో మొదలయ్యాయి. కాబట్టి డబ్బూ సమయమూ తక్కువ ఉంటే ముందు ఖర్చు పెట్టాల్సింది తలుపులూ కిటికీల మీద, ఆ తర్వాత చూరు దగ్గరి స్క్రూల మీద.

షట్టర్లు. ఇక్కడ మూడు రకాలు వాడతారు. పైనుంచి కిందికి దిగే రోలింగ్ షట్టర్లు, పక్కకి మడిచి తోసే అకార్డియన్ షట్టర్లు, రెక్కల నట్లతో బిగించే అల్యూమినియం లేదా ఇనుప పలకలు. డబ్బు లేనివాళ్ళు ప్లైవుడ్ కొడతారు. రోలింగ్ షట్టర్లలో మోటారు ఉన్నవాటికి చేతితో తిప్పే హ్యాండిల్ ఎక్కడుందో ముందే వెతికి పెట్టుకోవాలి. కరెంటు తుఫానుకి ముందే తీసేస్తారు, అప్పుడు షట్టర్ సగంలో ఆగిపోతే దించే దారి ఉండదు. వెడల్పైన బాల్కనీ తలుపులకి మధ్యలో నిలువు కడ్డీ లేకపోతే షట్టర్ లోపలికి వంగి, అంచులు పట్టాలోంచి జారి ఊడిపోతుంది. సముద్రం వైపున్న ఖరీదైన ఫ్లాట్లలో ఎక్కువగా చూసిన లోపం ఇదే. షట్టర్ మంచిదే, మధ్య కడ్డీ మాత్రం ఏ స్టోరు గదిలోనో దుమ్ము పట్టి ఉంటుంది.

రెక్కల నట్ల పలకల విషయంలో నట్లూ బోల్టులూ సముద్రపు ఉప్పుకి తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. తుఫాను రెండు రోజుల్లో ఉందనగా నట్టు తిప్పితే బోల్టు తల తెగి చేతిలోకి వస్తుంది. ఏటా మే నెలలో ఒకసారి నట్లన్నీ విప్పి, గ్రీజు రాసి, మళ్ళీ పెట్టాలి. స్టెయిన్‌లెస్ బోల్టులకి మారిస్తే ఇంకా మంచిది. ఏ పలక ఏ కిటికీదో పెయింటుతో నంబరు వేసి, పై వైపు ఏదో బాణం గీసి ఉంచాలి. లూయిస్ చూసిన పెద్దవాళ్ళ ఇళ్ళలో ఆ నంబర్లు అప్పటికే వేసి ఉన్నాయి. వాళ్ళ ఇంటి పని ఒక పూటలో అయిపోయింది.

ప్లైవుడ్ అయితే 16 మిల్లీమీటర్ల మందం ఉండాలి. సన్నది వంగి అద్దానికి తగులుతుంది. కిటికీ కన్నా నాలుగు వైపులా పది సెంటీమీటర్లు ఎక్కువ కోసి, అడుగుకొక బోల్టు చొప్పున చుట్టూ వేయాలి. అసలు కిటుకు బోల్టు ఎక్కడ దిగింది అన్నదే. ప్లాస్టరింగ్ మందం రెండు సెంటీమీటర్ల దాకా ఉంటుంది, అందులో ఆగిపోయిన యాంకర్ బోల్టుకి పట్టు లేనట్టే. ప్లాస్టరింగ్ దాటి బ్లాకులోకి కనీసం ఐదు సెంటీమీటర్లు వెళ్ళాలి. కాంక్రీటులోకి సుత్తితో కొట్టిన మేకులు ఒక్కటి కూడా నిలబడలేదు. గాలి పలకని ఊపిన ప్రతిసారీ మేకు కొద్దికొద్దిగా బయటికి వస్తుంది, ఓ గంట గడిచాక పలక ఎగిరిపోతుంది, అది ఎదురింటి కిటికీకి తగులుతుంది.

అద్దాలకి టేపు అంటించడం చాలామంది చేశారు. దానివల్ల అద్దం బలం ఏమీ పెరగదు. పగిలినప్పుడు పెద్ద ముక్కలుగా పడుతుంది, అది ఇంకా ప్రమాదం. ఆ సమయంలో ఇంకో తలుపు బిగించుకోవచ్చు. కిటికీ ఒకటి తెరిచి ఉంచితే లోపలి ఒత్తిడి సమానమవుతుందని చెప్పేవాళ్ళు కూడా ఉంటారు. ఆ మాట నమ్మి కప్పు పోగొట్టుకోవద్దు.

తలుపుల్లో జోడు తలుపులు బలహీనం. రెండు రెక్కలకీ పైనా కిందా గొళ్ళేలు ఉండాలి, గొళ్ళెం కడ్డీ నేలలోకీ చట్రంలోకీ అంగుళమైనా దిగాలి. కారు షెడ్డు తలుపు అన్నిటికన్నా వెడల్పు, అన్నిటికన్నా పలచన. దానికి లోపలినుంచి అడ్డంగా దూలాలు బిగించాల్సిందే.

ఇక కప్పు. కాంక్రీటు శ్లాబు ఇళ్ళు ఇర్మాని దాదాపు అన్నిచోట్లా తట్టుకున్నాయి. రేకుల ఇళ్ళలో నాలుగు వైపులా వాలిన కప్పులు రెండు వాలుల కప్పుల కన్నా బాగా నిలిచాయి. రెండు వాలుల కప్పుకి చివర ఉండే త్రికోణపు గోడ గాలికి నేరుగా ఎదురు నిలుస్తుంది, అక్కడే కప్పు విడిపోతుంది. వాకిటి వసారా కప్పుని ఇంటి కప్పుతో కలిపేసిన చోట వసారా లేస్తూ ఇంటి కప్పుని కూడా లాక్కుపోయింది. వసారా కప్పు విడిగా ఉంటే అది పోయినా ఇల్లు మిగులుతుంది.

కప్పు పట్టు మూడు చోట్ల ఉంటుంది. రేకు కింది అడ్డబద్దకి, అడ్డబద్ద వాసానికి, వాసం గోడ మీది కాంక్రీటు బెల్టుకి. మూడింటిలో ఏది వదులైనా మిగతా రెండూ ఎంత గట్టిగా ఉన్నా లాభం లేదు. చాలా ఇళ్ళలో రేకుకి మంచి స్క్రూలు వాడి, అడ్డబద్దని వాసానికి మాత్రం రెండు మేకులతో వదిలేశారు. తుఫాను తర్వాత రోడ్డు మీద పడి ఉన్న కప్పుల్ని చూస్తే ఇది తెలిసింది. రేకులు అడ్డబద్దలతో సహా చెక్కుచెదరకుండా ఒకటిగా ఎగిరి వచ్చి పడ్డాయి. వాసాలు మాత్రం ఇంటి మీదే ఉన్నాయి. వాసానికీ బెల్టుకీ మధ్య గాల్వనైజ్డ్ ఇనుప పట్టీ ప్రతి వాసానికీ ఉండాలి, వాసం మీదుగా చుట్టి రెండో వైపు కూడా మేకులు పడాలి.

ఎగిరి వచ్చిన రేకుని చేతిలోకి తీసుకుంటే కథంతా స్క్రూ రంధ్రం దగ్గర కనిపిస్తుంది. రంధ్రం గుండ్రంగా ఉండదు, కోలగా సాగి ఉంటుంది, అంచు పైకి చిరిగి ఉంటుంది. అంటే స్క్రూ చెక్కని వదల్లేదు, రేకే స్క్రూ తలమీదుగా చిరిగి లేచిపోయింది. దీనికి కారణాలు రెండు. రేకు పలచనిది కావడం ఒకటి, స్క్రూలు దూరదూరంగా ఉండటం ఇంకొకటి. 26 గేజ్ కన్నా 24 గేజ్ మందం, ధర ఎక్కువే కానీ చిరగదు. చూరు వెంబడి, కొప్పు వెంబడి, పక్క అంచుల వెంబడి రేకు మడతమడతకీ ఒక స్క్రూ వేయాలి. మధ్యలో మడత వదిలి మడతకి వేసినా సరిపోతుంది. స్క్రూ కింది రబ్బరు వాషర్ కొద్దిగా నొక్కుకుంటే చాలు. మరీ బిగిస్తే రబ్బరు పక్కకి పిగిలిపోతుంది, ఎండకి పగులుతుంది, నీరు దిగి కింది చెక్క పుచ్చిపోతుంది. పుచ్చిన చెక్కలో స్క్రూకి పట్టు ఎక్కడిది?

నీళ్ళ సంగతి. ఇక్కడ చాలా ఇళ్ళకి కింద సంపు ఉంటుంది, కప్పు మీద పడిన వాన పైపుల ద్వారా అందులోకి చేరుతుంది. తుఫానుకి ముందు సంపు నింపి, ఆ పైపుల్ని విప్పి బయటికి తిప్పేయాలి. ఈ పని మరిచిపోయినవాళ్ళ సంపుల్లోకి సముద్రపు తుంపర నీరు, నలిగిన ఆకులు, చెత్త అన్నీ దిగాయి. బ్లీచింగ్ వేస్తే క్రిములు చస్తాయి, ఉప్పు పోదు. సంపు మూత బోల్టు వేసి బిగించాలి. మోటారు ఎలాగూ పనిచేయదు కనుక తాడు కట్టిన బకెట్ సిద్ధంగా ఉండాలి, మూత బకెట్ పట్టేంత ఉండాలి.

తాగడానికీ వంటకీ మనిషికి రోజుకి నాలుగు లీటర్లు లెక్కేసి, రెండు వారాలకి సరిపడా క్యాన్లలో విడిగా పెట్టుకోవాలి. మూడు రోజులకి సరిపెట్టమని చెప్పే పట్టికలు దీవులకి పనికిరావు. సామాను ఓడ మీద రావాలి, ఓడ రావాలంటే రేవు శుభ్రం కావాలి. సంపు నీళ్ళు తాగాల్సి వస్తే లీటరుకి రెండు చుక్కల వాసన లేని బ్లీచ్, ఆరు శాతం గాఢత ఉన్నది, కలిపి అరగంట ఆగాలి. నీరు మడ్డిగా ఉంటే గుడ్డలో వడగట్టి నాలుగు చుక్కలు వేయాలి. ఫ్రీజర్‌లో ఖాళీ లేకుండా నీళ్ళ సీసాలు గడ్డకట్టించి పెడితే తలుపు తీయకుండా రెండు రోజులు చల్లగా ఉంటుంది, కరిగాక తాగే నీళ్ళవుతాయి.

నగదు ముందే తీసి పెట్టుకోవాలి, అదీ చిన్న నోట్లు. డచ్ వైపు డాలర్లు చెల్లుతాయి కాబట్టి ఒకటీ అయిదూ పదీ డాలర్ల నోట్లు. కరెంటు లేకపోతే ఏటీఎంలు లేవు, కార్డు మిషన్లు లేవు. ఇరవై డాలర్ల నోటుకి చిల్లర ఇచ్చేవాడు ఆ వారమంతా ఎవరూ దొరకలేదు.

పడవల గురించి క్లుప్తంగా. సింప్సన్ బే లాగూన్ తుఫానుల్లో పడవలకి రక్షణ అని పేరు. లూయిస్‌లో అక్కడే వెయ్యికి పైగా పడవలు నాశనమయ్యాయి, ఇర్మాలో మళ్ళీ అదే జరిగింది. లంగరు ఎంత మంచిదైనా పక్క పడవ లంగరు తెగి వచ్చి గుద్దితే చేసేది లేదు. తీసి ఒడ్డుకి ఎక్కించడమో, దీవి వదిలి దక్షిణానికి పోవడమో తప్ప మూడో మార్గం నమ్మదగింది కాదు.

ఆ రోజు. ఇంట్లో అన్నిటికన్నా చిన్న గది, కిటికీ లేనిది, పైన శ్లాబు ఉన్నది ఎంచుకోవాలి. చాలా ఇళ్ళలో అది స్నానాలగదే. పరుపులు లోపలికి లాక్కోవాలి, బూట్లు వేసుకునే ఉండాలి. కప్పు పోతే నేలంతా గాజు పెంకులూ మేకులే. పాస్‌పోర్టులూ ఇంటి పత్రాలూ రెండు పొరల ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి ఒంటికి కట్టుకోవాలి. ఒత్తిడి పడిపోతున్నప్పుడు చెవులు విమానంలో దిగుతున్నట్టు మూసుకుపోతాయి. గాలి గొంతు మారినప్పుడు, సన్నటి ఈల గురగురగా దిగినప్పుడు, గోడకి చేయి ఆనిస్తే అది వణుకుతున్నట్టు తెలుస్తుంది. షట్టర్ల సందుల్లోంచి నీరు పిచికారీగా లోపలికి వస్తుంది. తలుపు కింద తువ్వాళ్ళు కుక్కాలి, కానీ కిటికీకి ఎదురుగా నిలబడకూడదు.

కన్ను వచ్చినప్పుడు గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది. పైన వెలుగు వస్తుంది. బయటికి వెళ్ళాలనిపిస్తుంది, అప్పుడే వెళ్ళకూడదు. తుఫాను తూర్పు నుంచి వచ్చి మన మీదుగా పడమటికి వెళ్తోంది కాబట్టి కన్ను రాకముందు గాలి ఉత్తరం వైపు నుంచి, కన్ను దాటాక దక్షిణం వైపు నుంచి వీస్తుంది. మొదటి సగంలో మీ ఇంటి వెనక కిటికీ బతికితే రెండో సగంలో ముందు కిటికీకి పరీక్ష. ఫిలిప్స్‌బర్గ్ గ్రేట్ బే, సింప్సన్ బే రెండూ దక్షిణానికి తెరిచి ఉన్నవే, అందుకే అలలు ఆ రెండో సగంలోనే తీరాన్ని కొట్టాయి. ఆ ప్రశాంతమైన కాసేపట్లో చేయదగ్గ పని ఒక్కటే: లోపలినుంచే తలుపులు చూసుకుని, వదులైనదానికి మంచమో బీరువానో అడ్డం పెట్టడం.

గాలి తగ్గాక బయటికి వస్తే దీవి రంగే మారిపోయింది. కొండల మీద ఒక్క ఆకు లేదు, చెట్లన్నీ కాలినట్టు గోధుమరంగులో ఉన్నాయి. ఆ ఆకులన్నీ ఎక్కడికి పోయాయంటే, గోడల మీదికి. నలిగి ముద్దయిన ఆకులు సన్నగా పచ్చటి పూతై ప్రతి గోడకీ, తలుపు మూసిన గదుల్లోపల కూడా, అంటుకుని ఉన్నాయి. ఎండితే సున్నంతో పాటు లేస్తుంది, అందుకే తడిమీదే కడిగేయాలి.

డచ్ వైపు నలుగురు చనిపోయారు. ఇళ్ళలో తొంభై శాతానికి పైగా ఏదో ఒక మేర దెబ్బతిన్నాయి. ప్రిన్సెస్ జూలియానా విమానాశ్రయం కప్పు చీలిపోయింది. రేవూ రన్‌వే శుభ్రం చేసి మొదట సైన్యం విమానాలూ ఓడలూ వచ్చాయి. మామూలు ప్రయాణికుల విమానాలు అక్టోబరు 10కి గానీ మొదలు కాలేదు, అదీ టెంట్ల కింద. దుకాణాల్లో దోపిడీలు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు, డచ్ సైనికులు వీధుల్లో నిలబడ్డారు. కర్ఫ్యూ వేళలు పనులన్నిటినీ శాసించాయి. నీళ్ళకి క్యూ, పెట్రోలుకి క్యూ, మరమ్మతులు, అన్నీ పగటి ఆ కొన్ని గంటల్లోనే.

మొదటి రోజు దెబ్బలు తగిలేది తుఫాను వల్ల కాదు, శుభ్రం చేయడం వల్ల. రేకు అంచు అరచేతిని ఎముకదాకా కోస్తుంది. తిరగబడ్డ చెక్కల్లో మేకులు పైకి చూస్తుంటాయి. ధనుర్వాతం సూది ముందే వేయించుకుని ఉండాలి. జనరేటర్ ఇంటికి ఆరు మీటర్ల దూరంలో, కిటికీలకి అటువైపు పెట్టాలి. దాని పొగకి వాసన తెలియకుండానే ప్రాణాలు పోతాయి. ఇంటి ప్లగ్గులోకి జనరేటర్ వైరు దూర్చి ఇల్లంతా వెలిగించాలని చూస్తే వీధి స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌ని చంపినవాళ్ళవుతాం.

మూడు రోజులకే, 9వ తేదీన, హోసే అనే నాలుగో కేటగిరీ తుఫాను ఉత్తరంగా దాటింది. అప్పటికి కప్పులు లేవు. ఉన్న కొద్ది సమయంలో టార్పాలిన్ పట్టాలు వేయాల్సి వచ్చింది, అది తప్పుగా వేస్తే మొదటి గాలికే పోతుంది. పట్టాకి నేరుగా మేకు కొట్టకూడదు, రంధ్రం చిరిగి పెద్దదవుతుంది. పట్టా అంచుని రెండు బై నాలుగు అంగుళాల చెక్కకి రెండు చుట్లు చుట్టి, ఆ చెక్కని వాసానికి స్క్రూలతో బిగించాలి. పట్టా కొప్పు దాటి అవతలి వాలు మీద కనీసం నాలుగడుగులు పడాలి, లేకపోతే నీరు పై అంచు కిందికి దిగుతుంది. మధ్యలో కూడా ప్రతి నాలుగడుగులకీ ఒక సన్న బద్ద పైనుంచి వేయాలి, లేకపోతే పట్టా టపటపా కొట్టుకుని దానికదే చిరుగుతుంది. తడి రేకు మీదికి ఎవరూ ఎక్కకూడదు, నడుముకి తాడు లేకుండా అసలే ఎక్కకూడదు.

తర్వాత మరియా. సెప్టెంబరు 18న డొమినికాని, 20న పోర్టోరికోని కొట్టింది. మాకు అది పక్కగా పోయింది, కానీ మా సామాను చాలావరకు పోర్టోరికో మీదుగా వచ్చేది. అక్కడి రేవులు ఆగిపోగానే ఇక్కడ రేకులూ స్క్రూలూ ప్లైవుడ్డూ దొరకడం మానేశాయి. తుఫాను వచ్చాక కొందాంలే అనుకునే సామాను ఏదైనా సరే, దీవిలో దాన్ని జూన్‌కి ముందే కొని పెట్టుకోవాలి. మేము ఇప్పుడు ఇంటికొక పెద్ద పట్టా, రెండు పెట్టెల స్క్రూలు, పది చెక్కలు ఎప్పుడూ తాకకుండా ఉంచుతాం.

ఇక్కడ చదువుకునే, పనిచేసే మనవాళ్ళ గురించి. క్యూపెకాయ్‌లో ఉన్న వైద్య కళాశాల విద్యార్థులు కాలేజీ భవనంలోనే తలదాచుకుని, తర్వాత అమెరికాకి చేరి, ఇంగ్లండులోని ప్రెస్టన్‌లో తరగతులు కొనసాగించారు. భారతీయుల్ని మన విదేశాంగ శాఖ క్యురసావో దీవికి విమానంలో తరలించింది. అప్పుడు అందరికీ ఎదురైన ఇబ్బంది కబురు అందకపోవడం. టవర్లు పడిపోతే ఫోను కలవదు, సిగ్నల్ ఒక్క గీత ఉన్న చోట మెసేజి మాత్రం పోతుంది. దీవి బయట ఒక్క మనిషిని, ఒక్క నంబరుని ముందే అనుకుని, "క్షేమం, ఫలానా చోట ఉన్నాం" అని అక్కడికి పంపితే ఆయన మిగతా అందరికీ చెప్పుకుంటాడు. ఊళ్ళో అమ్మానాన్నలు టీవీ ముందు కూర్చుని పడే వేదన సగం తగ్గుతుంది. వీసా కాగితాల నకళ్ళు కూడా ఆ మనిషి దగ్గర ఉంచాలి.

ఇంట్లో తడి ఆరబెట్టడం రెండో రోజుకే మొదలవ్వాలి. జిప్సం బోర్డు గోడల్లో రెండు రోజుల్లో బూజు పుడుతుంది. నీటి గుర్తుకి ఒక అడుగు పైదాకా కోసి తీసేయడమే, ఆరుతుందని ఆశపడితే మొత్తం పోతుంది. కాంక్రీటు గోడని ముందు మంచినీళ్ళతో కడిగి ఉప్పు పోగొట్టి, తర్వాతే రంగు. ఉప్పు మిగిలితే ఎంత మంచి రంగైనా పొక్కులు లేస్తుంది. ఏసీ బయటి యూనిట్, స్విచ్ బోర్డు, ఇన్వర్టర్ అన్నీ ఉప్పు తిన్నవే. కరెంటు వచ్చిందని వెంటనే ఆన్ చేసినవాళ్ళవి కాలిపోయాయి.

ఇక బీమా. అందరూ కోలుకునే వేగాన్ని తేల్చింది ఇదే. పాలసీలో ఉండే ఒక షరతుని చాలామంది తుఫాను తర్వాతే చదివారు. ఇల్లు మళ్ళీ కట్టడానికి రెండు లక్షల డాలర్లు అవుతుంది, మీరు లక్షా ఇరవై వేలకే బీమా చేశారనుకోండి. అంటే అరవై శాతం. నష్టం యాభై వేలు అయితే మీకు యాభై వేలు ఇవ్వరు, అందులో అరవై శాతం, ముప్పై వేలు లెక్కకడతారు. అందులోంచి బీమా మొత్తం మీద రెండు శాతం, రెండు వేల నాలుగు వందలు, మీ వంతు అని తీసేస్తారు. చేతికి వచ్చేది 27,600. పైగా కట్టడానికి అయ్యే ఖర్చుని తుఫాను తర్వాతి ధరల్లో లెక్కేస్తారు, అప్పుడు చెక్కా కూలీ రెండూ పెరిగి ఉంటాయి. ఇల్లు కొన్న ధర కాదు, ఇవాళ మళ్ళీ కట్టడానికి ఎంతవుతుందో దానికి ఏటా బీమా సవరించుకోవాలి.

ఫోటోలు తుఫానుకి ముందే తీయాలి: ప్రతి గదీ, ప్రతి వస్తువు వెనక ఉన్న మోడల్ నంబరు, కప్పు కింద వాసాలకి వేసిన పట్టీలు. ఆ పట్టీల ఫోటో ఉన్న ఇళ్ళకి "నాసిరకం కట్టుబడి" అన్న వాదన ఎదురుకాలేదు. నష్టం లెక్కకట్టేవాళ్ళు బయటి దేశాల నుంచి రావాలి, వాళ్ళకి ఉండటానికి హోటళ్ళు కూడా మిగల్లేదు. అంతదాకా తడి పరుపులు ఇంట్లో ఉంచలేం. పారేసే ముందు ఫోటో తీసి, కార్పెట్ నుంచీ గోడ బోర్డు నుంచీ ఒక ముక్క కోసి, పేరు రాసి దాచాం. ఆ ముక్కలే తర్వాత సాక్ష్యాలయ్యాయి.

చెత్త ఇంకో పెద్ద సమస్య. ఫిలిప్స్‌బర్గ్ చెత్తకుప్ప ఉప్పు చెరువు మధ్యలోనే ఉంది. ఇర్మా శిథిలాలకి దాని పక్కనే ఇంకో కుప్ప పెట్టారు, రెండూ నిప్పంటుకుని పొగ ఊరి మీదికి వచ్చేది. చెక్క, ఇనుము, ఫ్రిజ్‌లు విడివిడిగా గేటు ముందు పెట్టినవాళ్ళవి ముందు తీశారు. కలిపి పోసిన కుప్పలు నెలల తరబడి అలాగే ఉండి దోమల్ని పెంచాయి.

నెదర్లాండ్స్ 55 కోట్ల యూరోలు ప్రకటించింది, ప్రపంచ బ్యాంకు నిధి ద్వారా అది నెమ్మదిగా వచ్చింది. దాని కోసం ఆగినవాళ్ళ కప్పుల మీద నీలం పట్టాలు ఏళ్ళ తరబడి ఉన్నాయి. కొండలు మాత్రం కొద్ది వారాల్లోనే చిగురించాయి.

ఇర్మా అనే పేరుని 2018లో తుఫానుల పట్టిక నుంచి తీసేశారు. తుఫానుల కాలం ఏటా జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. మే నెల చివరి శనివారం మేము చేసే పనులు ఇవి: రెక్కల నట్లకి గ్రీజు, ప్రతి షట్టర్ ఒకసారి పూర్తిగా దించి ఎత్తడం, చూరు వరుస స్క్రూల్లో పగిలిన వాషర్లు మార్చడం, తుప్పు పట్టిన స్క్రూ తీసి దానికన్నా ఒక సైజు లావుది వేయడం, సంపు పైపు కీలు విప్పి మళ్ళీ బిగించడం, ఇంటి ఆవరణలో కొబ్బరి బొండాలు దింపేయడం, బీమా కాగితంలో మొత్తం సరిచూడటం. స్క్రూలు మార్చేటప్పుడు తీసిన ప్రతి స్క్రూని కొనదాకా చూడాలి. కొన దగ్గర తెల్లటి పొడి ఉంటే ఉప్పునీరు దిగిందని అర్థం, ఆ అడ్డబద్దని ఆ ఏడే మార్చాలి.